వంతెన మీద రూపాయి

మా ఆయనకి భయం ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో ఈ మాట ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నేనే ముందుగా చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ ఆశ్చర్యపోకుండా. ఆయన పేరు ఫణిభూషణ్. పాముల్ని మెళ్ళో వేసుకున్న దేవుడి పేరు పెట్టుకుని, బల్లి కనపడితే మంచమెక్కే మనిషి.

తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో సేఫ్టీ విభాగంలో ఉద్యోగం. పొద్దున్నే కంపెనీ క్యాబ్ మా గుండ్లపోచంపల్లి కాలనీ గేటు దగ్గర హారన్ కొడుతుంటే, ఈయన గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తాడు. గ్యాస్ కట్టేశామా లేదా చూడ్డానికి. స్టవ్ మీద నేను పాలు కాస్తున్నా సరే, వంగి నాబ్ చూస్తాడు.

"ఏమండీ, వెలుగుతున్న స్టవ్ కట్టేసి ఎలా ఉంటుందండీ?" అంటాను.

"ఏమో కామూ, ఓసారి చూస్తే పోయేదేముంది" అంటాడు. క్యాబ్‌లో ఉన్నవాళ్ళ నవ్వులు నాకు వంటింట్లోకి వినిపిస్తాయి.

నేను ఊరికే వెక్కిరించడం లేదు. ఆ భయానికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈయన ఒక చిన్న ఫ్యాక్టరీలో చేసేవాడు, ఇప్పుడది లేదు. ఓ రోజు వైరు కాలుతున్న వాసన వస్తోందని ఈయన చెబితే, పై అధికారి ముక్కు చిట్లించి పొమ్మన్నాడట. ఆ తర్వాత మంటలు. లోపల చిక్కుకున్న మనిషిని బయటికైతే తెచ్చారు గాని బతికించుకోలేకపోయారు. ఈ సంగతి నాకు పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి గాని చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా మంటల గురించి చెప్పలేదు. ఆ వాసన గురించే చెప్పాడు.

ఇంత భయస్థుడు వెళ్ళి వెళ్ళి కరెంటుతో ఆడే సరదా పెట్టుకున్నాడు. మేడ మీద గదినిండా బొమ్మ రైళ్ళు. బొమ్మ అంటే ఊరుకోడు, మోడల్ రైళ్ళనాలి. మామగారు వెంకటరామయ్యగారు కొవ్వూరు స్టేషన్లో పనిచేసేవారు. ఈయన గోదావరి వంతెన మీద రైలు చప్పుడు వింటూ పెరిగిన మనిషి కదా, గౌడవెల్లి వైపు నుంచి రైలు కూత వినబడితే ఇప్పటికీ అన్నం కలుపుతూ ఆగిపోతాడు. అందుకని మేడ మీద కొవ్వూరు స్టేషన్ కట్టాడు. చెక్క పలక మీద నీలం రంగేసి, పైన మెరుపు పూత పూసి గోదావరి పారించాడు. దాని మీద కమానుల వంతెన. అచ్చం అలాగే ఉంటుంది, కాదనను.

ఆ రైళ్ళ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఒక్కో బండికి ఒక్కో నంబరు. పట్టాల్లో ఎప్పుడూ నిండా కరెంటు ఉంటుంది, దానితోపాటే హుకుం కూడా పోతుంది. ఫలానా నంబరు బండీ కదులు, ఫలానా నంబరు బండీ దీపం వెయ్యి. పిలిచిన బండి పలుకుతుంది, తక్కినవి నిలబడి ఉంటాయి. చూసేవాళ్ళకి ముచ్చట. ఈయన చెవికి మాత్రం అందులో ఒక్క ముక్కే వినపడేది. పట్టాల్లో ఎప్పుడూ నిండా కరెంటు.

కాబట్టి ఆ కరెంటు ఎంత ఇవ్వాలన్నది మా ఇంట్లో ఎడతెగని చర్చ. పట్టాలకి కరెంటు అందించే పెట్టె ఒకటుంటుంది. అందించడమే కాదు, కాపలా కూడా దాని పనే. బండి పట్టా తప్పి కరెంటు అడ్డదారి పట్టిందంటే టక్కున కట్టేయాలి. ఈయన దగ్గర ఉన్నది చిన్న పెట్టె, చిన్న సప్లై. రెండు బళ్ళకి సరిపోతుంది. ఓసారి స్నేహితులెవరో ఎగదోస్తే పెద్ద పెట్టె ఒకటి కొన్నాడు. ఇంటికి రాగానే భయం పట్టుకుని అట్టపెట్టె విప్పకుండా బీరువా మీద పెట్టేశాడు. "పెద్దది అంత తొందరగా కట్టెయ్యదు కామూ. కట్టేసేలోపు ఎంత కరెంటు పోతుందో" అన్నాడు. కొనేముందు తెలియదా అని నేను గట్టిగానే అరిచాను.

ఇక ఆయన పరీక్ష. రూపాయి నాణెం తీసి పట్టాల మీద అడ్డంగా పెడతాడు. పెట్టె టక్కుమనాలి. స్టేషన్ దగ్గర, మలుపు దగ్గర, వంతెన మీద, ఇలా ప్రతిచోటా పెట్టి ఆ టక్కు వింటాడు. విన్నాకే బండి నడుపుతాడు. తీగ సన్నగా ఉన్నా, దూరం ఎక్కువైనా, కరెంటు నీరసించి పెట్టెకి సంగతి తెలియదట. అది కట్టెయ్యదు. అప్పుడా కరెంటంతా నాణెంలోనూ తీగల్లోనూ వేడై కూర్చుంటుంది. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

మా అత్తయ్య పార్వతీదేవిగారు ఇవేవీ చూడలేదు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మేడ ఎక్కలేరు. కుర్చీలోంచి లేవాలన్నా ఒకరు చెయ్యందించాలి. "పైన ఏం కడుతున్నాడే వీడు?" అని నన్ను అడుగుతుండేవారు. "మీ గోదారినే తెచ్చి పెట్టాడు అత్తయ్యా" అనేదాన్ని.

ఈసారి వినాయక చవితికి ముందు రాఘవేందర్ గారు మా ఇంటికొచ్చారు. మా కాలనీ సంఘానికి అధ్యక్షుడు, మేడ్చల్లో హార్డ్‌వేర్ దుకాణం ఉంది. మేడ మీద రైళ్ళు చూసి చిన్నపిల్లాడైపోయారు.

"సార్, గిది గీ గదిల వెట్టుకొని ఏం జేస్తరు? మన గణపతి మండపంల వెడదాం. కాలనీ అంత జూస్తది. నాలుగు బండ్లు ఒక్కపారే నడవాలె, అన్నిట్ల లైట్లు ఎలగాలె."

ఈయన మొహం ఒకేసారి వెలిగింది, వాడింది. కొవ్వూరు వంతెన నలుగురికీ చూపించాలని ఉంటుంది కదా. రెండు చిన్న పెట్టెలు ఇంకా తెప్పిస్తాను, వంతెనకొకటి, స్టేషన్‌కొకటి, మలుపుకొకటి, వేటి కాపలా వాటికి విడిగా ఉండాలి అన్నాడు. అలాగే ఆర్డరిచ్చాడు. అవి వర్షాలకి దారిలో ఎక్కడో ఇరుక్కున్నాయి. పండగ రానే వచ్చింది.

మండపంలో బల్ల వేసి, థర్మోకోల్ కొండలు పెట్టి, గోదావరి పరిచారు. విగ్రహానికి ఎదురుగా వంతెన. వంతెనకీ వెనక గుడ్డ పరదాకీ మధ్య ఒక కుర్చీ వేయించారు రాఘవేందర్ గారు. "అమ్మ గీడ కూసుంటే దేవుడు, రైలు రెండు మంచిగ కనిపిస్తయి" అన్నారు. మర్యాదకే అన్నారు. ఈయన ఆ కుర్చీ వంక చూస్తూ నిలబడిపోయాడు. ఒకవైపు బల్ల, రెండువైపులా పరదాలు. అత్తయ్య ఒకసారి అందులో కూర్చుంటే సొంతంగా బయటికి రాలేరు.

మొదటి ట్రయల్‌లో నాలుగు బళ్ళూ కదలగానే చిన్న పెట్టె టక్కుమంది. మళ్ళీ వేస్తే మళ్ళీ టక్కు. చూడ్డానికొచ్చిన పిల్లలు గోల. అప్పుడు నగేష్ ముందుకొచ్చాడు. మండపం లైట్లన్నీ అతనివే, గౌడవెల్లి నుంచి బైకు మీద వస్తాడు, కష్టపడే మనిషి.

"సార్, మీ డబ్బాల దమ్ము లేదు. బోర్డు లైట్లకు వాడే పెద్ద సప్లై నా తాన ఉన్నది. మీ ఇంట్ల పెద్ద డబ్బా ఉన్నదంటిరి గద. రెండు కలిపితే ఇగ బండి ఆగనే ఆగది."

"ఆగదనే నగేష్, నా భయం" అన్నాడు ఈయన. నగేష్ నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు గాని, పదిమందిలో ఈయన అలా పాలిపోయి నిలబడటం చూస్తే చిరాకేసింది.

చివరికి బీరువా మీది అట్టపెట్టె కిందికి దిగింది. అంతలో వాన. బల్లకి ఒక మూల పైకప్పు కారుతుంటే పెట్టెని, సప్లైని దూరంగా పొడిగా ఉన్న మూలకి మార్చారు. ఈయన తెచ్చిన లావు తీగల్లో వంతెనది అక్కడికి అందలేదు. ఆ టైంలో లావు తీగ ఎక్కడ దొరుకుతుంది? నగేష్ తన సంచీలోంచి సీరియల్ లైట్ల సన్నతీగ తీసి అతికేశాడు. అతుకుల మీద నల్లటేపు చుట్టి, వంతెన పక్క కొండ కింద దూర్చాడు. బళ్ళు నాలుగూ జామ్మని నడిచాయి. పిల్లలు ఈలలు వేశారు.

ఈయన జేబులోంచి రూపాయి తీశాడు. స్టేషన్ దగ్గర పెట్టాడు. టక్కు. మలుపు దగ్గర పెట్టాడు. కొంచెం ఆగి, టక్కు. వంతెన మీద పెట్టాడు.

ఏమీ కాలేదు. పెట్టె మీద పచ్చదీపం అలాగే వెలుగుతోంది. స్టేషన్ దగ్గర బళ్ళు హాయిగా తిరుగుతున్నాయి. వంతెన మీది బండి మాత్రం ప్రాణం పోయినట్టు ఆగిపోయింది. ఈయన ఒక్క క్షణం చూసి నాణెం లాగేశాడు. లాగి, కింద పారేసి, వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. బొటనవేలి మీద బొబ్బ లేచింది.

"చూశారా? కట్టెయ్యలేదు. తీగ మార్చాలి. మార్చకుండా నడపకూడదు. ఇక్కడ అమ్మ కూర్చుంటుంది" అన్నాడు.

బయట అప్పటికే జనం. ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని వస్తున్నారు, పూజారిగారు హారతికి సిద్ధం చేస్తున్నారు. రాఘవేందర్ గారు ఈయన భుజం మీద చెయ్యేశారు.

"సార్, పరేషాన్ గాకున్రి. మీరు చెప్పింది నిజమే. రేపు పొద్దుగాల నా దుకాన్ల నుంచే లావు తీగ తెప్పిస్త. గీ ఒక్క పూటకు నడవనీయున్రి. అయినా సార్, పట్టాల మీద రూపాయి ఎవలు వెడతరు?"

నిజమే, ఎవరు పెడతారు? ఈయన్ని మించిన పిచ్చివాళ్ళు ఈ కాలనీలో ఎవరున్నారు?

ఒప్పుకున్నాడు. కాని స్విచ్ మీద చెయ్యి తియ్యను అన్నాడు. రెండు బకెట్ల ఇసుక తెచ్చి బల్ల పక్కన పెట్టాడు. కాసేపటికి ఎవరో భక్తులు ఆ ఇసుకలో అగరొత్తులు గుచ్చేశారు. తర్వాత అత్తయ్య దగ్గరికెళ్ళి, "అమ్మా, ఇక్కడ వద్దే. ముందు వరసలో కూర్చో" అని బతిమాలాడు.

"సాక్షాత్తూ విఘ్నేశ్వరుడి ఎదురుగా కూర్చుంటే నాకేం భయంరా అబ్బాయ్? నీ పిరికితనం నాకంటించకు" అన్నారావిడ.

మండపం కిక్కిరిసింది. డప్పులు మొదలయ్యాయి. నేను ఆడవాళ్ళ వరసలో, వంతెనకి కాస్త ఇవతల నిలబడ్డాను. ఈయన మూలన స్విచ్ దగ్గర కూర్చున్నాడు. దేవుడి వంక ఒక్కసారి కూడా చూడలేదు. వంతెన వంకే చూస్తున్నాడు. ఆ చూపు నన్నూ పట్టుకుంది. ఇంత జనానికీ తెలియని విషయం నాకు తెలుసన్న సంగతి అప్పుడు నా ఒంటికి తెలిసింది. ఏ పిల్లాడి చేతిలో రేకు ముక్క ఉందో, ఎవరి గాజు జారిపడుతుందో అని వెతకడం మొదలుపెట్టాను. ఎవరూ ఏమీ విసరడం లేదు. అందరూ చేతులు జోడించే ఉన్నారు.

హారతికి ముందు రాఘవేందర్ గారు మైకు పట్టుకున్నారు. "మన ఫణిభూషణ్ సార్ గింత మంచిగ రైలు జేసిండు. సార్ స్టేజీ మీదికి రావాలె" అన్నారు. ఈయన అడ్డంగా తలూపాడు. ఇద్దరు కుర్రాళ్ళు నవ్వుతూ వెళ్ళి రెక్కలు పట్టుకుని తీసుకొచ్చేశారు. సన్మానం వద్దనే మనిషి ఉంటాడని వాళ్ళు అనుకోలేదు పాపం. శాలువా కప్పారు, మెళ్ళో దండ వేశారు. స్విచ్ దగ్గర ఎవరూ లేరు.

సరిగ్గా అప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్ వంతెన ఎక్కింది. ఈయన ఆ బండికి చప్పుడు కూడా పెట్టాడు. ఇనుప కమానుల కింద రైలు పోయేటప్పుడు వచ్చే ఆ ధడధడ. కిటికీల్లో దీపాలు, కింద నీలంగా మెరుస్తున్న నీళ్ళు. అత్తయ్య కుర్చీలో ముందుకి వంగారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్ళింది.

నాకప్పుడు తెలిసింది. మేం గోదావరి దాటిన ప్రతిసారీ ఆవిడ చేసేదే. చిన్నప్పటి నుంచీ చేస్తున్నదే. నేనూ చేస్తాను, మా వైపు వాళ్ళంతా చేస్తారు. పట్టాల మీద రూపాయి ఎవరు పెడతారని అడిగినప్పుడు మా ఇద్దరికీ ఆ సంగతి తోచలేదు.

"అత్తయ్యా, వద్దు!" అని అరిచాను. డప్పుల్లో నా గొంతు నాకే వినపడలేదు.

ఆవిడ రూపాయి తీసి కళ్ళకద్దుకున్నారు. "గోదారమ్మా, నా బిడ్డల్ని చల్లగా చూడు తల్లీ" అని వేసేశారు. నాణెం వంతెన కమానుకి తగిలి పట్టాల మీద పడింది. బండి ఆగింది. అది చూసి మా పక్కింటి దీప, వాళ్ళది తణుకు, "అయ్యో, పిన్నిగారు గోదారికి నాణెం వేశారు, మనం వేయొద్దూ!" అంటూ పర్సు విప్పింది. ఆవిడ వెనకాల ఇంకొకరు, ఇంకొకరు. నాణేలు గలగలా పడుతున్నాయి.

స్టేజీ వంక చూశాను. ఈయన దండతో, శాలువాతో నిలబడి ఉన్నాడు. మైకు మొహం ముందే ఉంది, అయినా మాట రాలేదు. అంత భయం మనిషి మొహంలో నేనెప్పుడూ చూడలేదు. మూలన పెట్టె మీద పచ్చదీపం హాయిగా వెలుగుతోంది.

అప్పుడొచ్చింది వాసన. అగరొత్తుల మధ్య సన్నగా, ఘాటుగా. నేనెన్నడూ ఎరగని వాసన, అయినా గుర్తుపట్టాను. అత్తయ్య కుర్చీ పక్కన, థర్మోకోల్ కొండలోంచి నల్లటి పొగ పాకుతూ వస్తోంది. ఆవిడ ఇంకా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నారు.

ఈయన స్టేజీ మీంచి దూకాడు. బల్లి కనపడితే మంచమెక్కే మనిషి పూలపళ్ళేలు తొక్కుకుంటూ, మనుషుల్ని తోసుకుంటూ, శాలువా ఎక్కడో చిక్కుకుంటే లాగి పారేసి పరిగెత్తాడు. ప్లగ్గు పీకేశాడు. బళ్ళన్నీ చీకటైపోయాయి. అయినా పొగ ఆగలేదు, అంటుకున్నది అంటుకుంది. అగరొత్తులతో సహా ఇసుక బకెట్ ఎత్తి కొండ మీద కుమ్మరించాడు. నేను పరదా చింపాను. రాఘవేందర్ గారు ఒకవైపు, ఈయన ఒకవైపు పట్టుకుని అత్తయ్యని కుర్చీతో సహా బయటికి ఎత్తుకొచ్చేశారు.

ఎవరికీ ఏమీ కాలేదు. సన్నతీగ కరిగి బల్లకి అంటుకుపోయింది. అతుకు దగ్గర కొండలో పెద్ద గుంత. పరదా అంచు అరచేతి మేర మాడింది. అత్తయ్య చీర కుచ్చిళ్ళకి ఆ మాడిన అంచు ఎంత దూరమో నేను చూశాను. చెప్పను.

"ఏమైందిరా? నేను నాణెం వెయ్యడం వల్లనా?" అని అడిగారావిడ, మొహం చిన్నబుచ్చుకుని.

"నీ తప్పు కాదమ్మా. నువ్వు వేశావు కాబట్టి తెలిసింది" అన్నాడు. అని ఆవిడ కాళ్ళ దగ్గర రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

రాఘవేందర్ గారు పక్కనే నిలబడి ఉన్నారు. "ఎవలు వెడతరని నేనే అంటి. మాఫ్ జేయున్రి సార్" అన్నారు. నగేష్ లోపలికెళ్ళాడు. కరిగిన తీగ బల్ల మీంచి గోకి తీస్తూ కూర్చున్నాడు.

మర్నాడు లావు తీగ వచ్చింది. ఆ తర్వాత దారిలో చిక్కుకున్న చిన్న పెట్టెలూ వచ్చాయి. వంతెనకి విడిగా ఒకటి పెట్టారు. అత్తయ్య కుర్చీ పరదా ఇవతలికి మారింది. అప్పటినుంచి పూజకి ముందు ఈయన ఆవిడ చేతికి ఒక రూపాయి ఇచ్చేవాడు. "అమ్మా, వెయ్యి." ఆవిడ కళ్ళకద్దుకుని వేసేవారు. వంతెన పెట్టె టక్కుమనేది. ఆ ఒక్క బండే ఆగేది, తక్కినవి నడిచేవి. గోదారమ్మ రూపాయి తీసుకుంది అని పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ టక్కు వినపడ్డాకే ఈయన ఊపిరి వదిలేవాడు. ఆ తర్వాతే హారతి.

నిమజ్జనం రోజు కారులో శామీర్‌పేట చెరువుకి బయల్దేరాం. అందరూ ఎక్కాక నేను తలుపు తాళం తీసి మళ్ళీ లోపలికెళ్ళాను. గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసి వచ్చాను. ఆయన చూసి, నాకోసం కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

చెరువు నిండుగా ఉంది. మా వినాయకుడు క్రేను మీద ఊగుతూ నీళ్ళలోకి దిగాడు. అత్తయ్యని గట్టు దగ్గరగా కుర్చీలో కూర్చోబెట్టాం. ఆవిడ కొంగు ముడి విప్పి రూపాయి తీసి, కళ్ళకద్దుకుని నీళ్ళలోకి వేశారు. నాణెం మునిగిపోయింది. చుట్టూ డప్పులు, అరుపులు, కేకలు. ఈయన మాత్రం తల కొంచెం పక్కకి వంచి నిలబడి ఉన్నాడు, చెవులు రిక్కించి. దేనికోసమో నాకు తెలుసు. టక్కుమనే చప్పుడు కోసం. ఎంతసేపటికీ అది రాలేదు.

నవ్వుదామనుకున్నాను. కాని చెప్పొద్దూ, నేనూ వింటున్నాను.